గంప కింద అడుగు

హేమకుడ్యపురపు కోటగోడ మీద పొద్దుటి ఎండ పడితే కాగిన బెల్లంపాకం పొంగి జారుతున్నట్టుండేది. బురుజు బురుజుకూ ఇత్తడి తాపడం, తాపడం మీద రెక్కలు విప్పిన గండభేరుండాలు, వాటి ముక్కులకు వేలాడే కంచు గంటలు. గాలి వీస్తే నగరమంతా పెళ్ళివారి విడిదిలా మోగేది. ఆనాడు గాలీ లేదు, మోతా లేదు. పడమటి దిక్కున, నేలా నింగీ కలిసేచోట, ఎండిన నెత్తురు రంగులో ఒక చార మాత్రం కనిపించింది. పురజనులు దాన్ని మబ్బు అనుకున్నారు. సైకతసీమ నుంచి వచ్చినవాళ్ళు మాత్రం దాన్ని చూసి పిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్నారు. అది ఎర్రగాలి. అది తాకిన ఊరు ఇసుకదిబ్బ అవుతుంది, చిక్కిన మనిషి ఊపిరాడక అందులోనే సమాధి అవుతాడు.

ఆ గాలికి ఇళ్ళూ చేలూ పోగొట్టుకుని సైకతసీమవాళ్ళు కాలనాగలోయ మీది వంతెన దాటి వచ్చారు. కోటగోడకూ లోయకూ నడుమ, గోడ చాటున, తుమ్మకంపతో గుడిసెలు వేసుకున్నారు. పురం వాళ్ళకు ఇసుకవాళ్ళని పేరు పెట్టింది. బావులు తవ్వడం వాళ్ళ విద్య. పురంలో చాలా పెరళ్ళలో ఊరే నీళ్ళు వాళ్ళ చేతి చలవే. అయితే వాళ్ళు వచ్చిన ఏడే పురంలో మనుషులు మాయం కావడం మొదలైంది. మొదట ఒక చాకలి, తర్వాత ఒక వీణ వాయించేవాడు, ఆపైన ఒక బాలింత. శవం లేదు, నెత్తురు లేదు. ఇప్పుడు కోటవాకిట పూలమ్మే చెంగమ్మ కూతురు వరాలు పోయింది. ఆ పిల్ల కాలి అందె తిప్పడనే ఇసుకవాడి గుడిసెలో, పొయ్యి పక్కన పాతిపెట్టి దొరికింది.

ఇక సభ కొలువుతీరడానికి ఎంతసేపు?

సభామంటపంలో ఇసుక వేస్తే రాలనంత జనం. సింహాసనం మీద విక్రాంతవర్మ మహారాజు నిద్రలేని కళ్ళతో కూర్చున్నాడు. ఆయన ముందు సంకెళ్ళతో తిప్పడు, గుమ్మం బయట బల్లేల నడుమ వాడి అవ్వ ఈరక్క. పురరక్షణ చూసే దండనాయకుడు భైరవదత్తుడు ముందుకు వచ్చాడు. చూడ్డానికి దేవాలయపు ద్వారపాలకుడిలా ఉంటాడు. మాటలో తేనె, చూపులో తేలు.

"మహాప్రభూ! వీళ్ళు రాకముందు ఈ పురంలో తలుపుకు గడియ ఎరుగం. ఆడపిల్ల మెడనిండా బంగారంతో సంతకు వెళ్ళి వచ్చేది. ఇవాళ పొద్దు వాలకముందే వీధులు మూతపడుతున్నాయి. ఎందుకని అడగాలా? పాలకుండలో పిల్లి మూతి పెట్టాక పాలు ఏమయ్యాయని అడిగేవాణ్ణి వెర్రివాడంటారు. తిప్పణ్ణి శూలానికి కొరత వేయించండి. మిగిలినవాళ్ళను పొద్దు గూకేలోగా వంతెన దాటించండి."

"దాటించండి! దాటించండి!" జనం హోరెత్తింది.

వంతెన అవతల ఎర్రగాలి వస్తోంది. దాటించడమంటే చంపడమే. ఆ సంగతి సభలో తెలియనివాడు లేడు, పైకి అన్నవాడూ లేడు.

రాజు చెయ్యెత్తాడు. "వీళ్ళ తరఫున మాటరాయి ఎక్కేవాడెవడైనా ఉన్నాడా?"

మాటరాయి అంటే సభ నడుమనున్న నల్లబండ. దాని మీద నిలబడి ఎవడైనా నిందితుడి పక్షాన మాట్లాడవచ్చు. వాదం ఓడితే మాత్రం నిందితుడికి పడిన శిక్షే వాడికీ పడుతుంది. అందుకే ఆ బండ మీద నాచు పట్టేంత కాలమైంది ఎవరూ ఎక్కక.

జనాన్ని మోచేతులతో తోసుకుంటూ ఒక గాజులసెట్టి వచ్చి ఆ బండ ఎక్కాడు. భుజాన గాజుల మలారం, మాసిన తలపాగా, గుబురు గడ్డం. ఆ గడ్డం వెనక ఉన్నది యువరాజు జయంధరుడని సభలో ఒక్కడికే తెలుసు. వాడు ఆయన వెంట మూట మోసే జెట్టి గుండన్న. తీర్థయాత్రకని కోట విడిచిన యువరాజు, మనుషుల్ని మింగుతున్నదెవరో తేల్చుకోవాలని వీధి వీధి గాజులమ్ముతూ తిరుగుతున్నాడు. తానెవరో చెబితే సభ తల వంచుతుంది. దొంగ మాత్రం తల దాచుకుంటాడు.

"దిగండి బాబూ," గుండన్న పళ్ళ సందున గొణిగాడు. "ఆ బండ దిగి నడిచి వెళ్ళినవాణ్ణి మా తాత కూడా చూడలేదు."

"ఏరా సెట్టీ, ఇసుకపిల్లను ఎవర్తినైనా మరిగావా?" జనంలోంచి ఒక గొంతు.

"మరిగింది నిజమేనయ్యా, వాళ్ళ జొన్నరొట్టె," అన్నాడు జయంధరుడు. నవ్వులు చల్లారనిచ్చి, దండనాయకుడి వైపు తిరిగాడు. "స్వామీ, చిన్న అనుమానం. మన తూర్పు వాకిట కమ్మరివీధి ఉంది కదా. తరతరాలుగా ఆ వీధి పేరుబడ్డది దేనికి?"

"గడియలకీ తాళాలకీ," ఎవరో అందించారు.

"మరి గడియ ఎరుగని ఊళ్ళో ఆ వీధి ఏం తిని బతికిందో!"

ఘొల్లున నవ్వారు. "మా అవ్వ తాళంచెవి మొలలో దోపుకునే కాటికెళ్ళింది!" అని ఒక ముసలాయన అరిచాడు.

భైరవదత్తుడు నవ్వలేదు. "నవ్వులకు చెరసాల గోడలు కూలవు సెట్టీ. లోపలికి వెళ్ళి చూడు. సగానికి పైగా ఇసుకవాళ్ళే."

"చెరువంతా వదిలేసి ఒకే రేవులో వల వేస్తే ఏ రేవు చేపలు పడతాయి స్వామీ? వీళ్ళు వచ్చాక మీ తలారులంతా పడమటి ద్వారం దగ్గరే కాపు. తూర్పు వీధుల్లో గస్తీ గంట విని ఎన్నాళ్ళైందో ఈ తల్లుల్ని అడగండి. మాయమైనవాళ్ళ ఇళ్ళెక్కడ? తూర్పునా, పడమటా?"

సభలో గుసగుసలు పాకాయి. తూర్పేనన్నారు ఒకరిద్దరు.

"తూర్పే," అన్నాడు దండనాయకుడు తడుముకోకుండా. "తన గుమ్మం ముందు దొంగతనం చేసే దొంగ ఉంటాడా? ఎంత దూరమైతే అంత క్షేమం."

ఆ మాట మళ్ళీ జనాన్ని అటు తిప్పింది. తక్కెడ ముల్లులా ఇటు వచ్చిన తలలు అటు ఊగాయి. గుమ్మం బయట నుంచి ఈరక్క బొంగురు గొంతు వినిపించింది.

"సామీ, నన్నొక మాట చెప్పనీండి. మాలో దొంగ లేడని నేననను. ఉన్నాడు. మీ కుమ్మరోళ్ళ పుంజును ఎత్తకపోయినోడు నా చెల్లెలి మనవడే. వానికి నేనే గుండు గొరిగి, పుంజును వాని సంకలో పెట్టి, కుమ్మరామె కాళ్ళకాడ పడేసినా. దొంగ యాడైనా మొలుస్తాడు సామీ, గరిక మాదిరి. గరిక మొలిచిందని చేను తగలబెట్టొద్దంటా ఉండా, అంతే."

"కోళ్ళ కథలెందుకే నాకు!" చెంగమ్మ జుట్టు విరబోసుకుని ముందుకు దూకింది. "నా బిడ్డేదీ? గరికంట, చేనంట! నా పిల్ల కాలి అందె మీ పొయ్యి పక్కన ఎలా మొలిచిందే? చెప్పవే ముసలిదానా!"

ఆ ఏడుపు వింటూ జయంధరుడు తల దించుకున్నాడు. ఆ సందు కోసమే చూస్తున్నట్టు భైరవదత్తుడు గొంతు తగ్గించి అన్నాడు.

"అమ్మా, నీకు జవాబు వాళ్ళు చెప్పరు. నేను చెబుతాను. పొద్దు వాలగానే వీళ్ళు ఈతమట్టలు పట్టుకుని ఏం చేస్తారో చూశావా? తమ అడుగుల్ని తామే తుడిచేస్తారు. వాకిలి నుంచి వీధి దాకా ఒక్క అడుగు మిగలనివ్వరు. తప్పు చెయ్యనివాడికి తన అడుగు తుడుచుకునే ఖర్మేమిటి?"

సభ ఒక్కసారిగా చల్లబడింది. చాలామంది అది చూసినవాళ్ళే. ఎందుకని మాత్రం ఎవరూ అడగలేదు.

"మా సీమలో తోడేళ్ళు అడుగుబట్టే ఇంటికొస్తాయి సామీ," అంది ఈరక్క. "బందిపోట్లూ అంతే. ఇంటోళ్ళ అడుగులు మాపటేళకు తుడిసేది మా అవ్వల కాడినించి వచ్చిన పద్ధతి. దొంగతనానికి కాదు, దొంగల భయానికి. ఇంటికొచ్చిన సుట్టపోని అడుగు మాత్రం తుడవం. గడపకాడ వాని మొదటి అడుగు మీద గంప బోర్లిస్తాం. వచ్చినోడు సల్లంగా ఇల్లు చేరేదాకా గాలి గూడా దాన్ని తాకగూడదు."

జయంధరుడు చటుక్కున తలెత్తాడు. "అవ్వా! తిప్పడి గడప దగ్గర ఇప్పుడు గంప ఉందా?"

ఈరక్క ముఖం పక్కకు తిప్పుకుంది.

"అవ్వా, నిన్నే!"

"ఉండాది."

"ఎవరొచ్చారు? అందె పాతింది వాడే కావచ్చు."

"అది అడగొద్దు నాయినా. గడప తొక్కినోని పేరు మేమడగం, ఇంగొకరికి చెప్పం. ముందుగాల గంప ఎత్తితే వచ్చినోడు తోవలోనే సస్తాడంటారు. ఆ పాపం మాకొద్దు."

"ఎత్తొద్దవ్వా," సంకెళ్ళలోంచి తిప్పడు అన్నాడు. "నా పాణం కోసం మన గడపకు మచ్చ తేవొద్దు."

చావబోయేవాడు తన మీద నేరం పాతిపెట్టిన అతిథి క్షేమం కోరుతున్నాడు! అంత మొండి మర్యాద జయంధరుడు ఏ రాచనగరులోనూ చూడలేదు. ఈరక్క మనవణ్ణి చూసింది, పడమటి ఎర్రచారను చూసింది. కొంగు నడుముకు బిగించింది.

"పాండి. ఎత్తుదాం. పాపం నా నెత్తిన పడనీ."

అప్పుడు, మొట్టమొదటిసారి, భైరవదత్తుడి ముఖంలో తేనె ఇంకిపోయింది. ఇసుకవాళ్ళు ప్రతి అడుగూ తుడిచేస్తారని తెలుసుకున్న మనిషి, అతిథి అడుగు దాచుకుంటారని తెలుసుకోలేదు.

"పొద్దు పడమటి గోపురం వెనక్కి దిగేదాకా గడువిస్తున్నాను," అన్నాడు రాజు. "రుజువు తెస్తే సరి. లేదా సెట్టీ, తిప్పడితో పాటు నీకూ కొరతే."

రాజు మాట ముగియకముందే దండనాయకుడు బొటనవేలితో ఉంగరం తిప్పాడు. మంటపం అంచున ఉన్న రౌతు ఒకడు మాయమయ్యాడు. మరుక్షణం రాతిబాట మీద గుర్రపుడెక్కల చప్పుడు.

"గుండన్నా, వాళ్ళు గంప కోసమే!"

జయంధరుడు మలారం విసిరేసి ఒక్క గంతులో మంటపం మెట్లు దిగాడు. గాజులు భళ్ళున పగిలి రంగురంగుల నిప్పుల్లా చెదిరాయి. వాకిట కట్టిన గుర్రాన్ని కళ్ళెం తెంపి ఎక్కాడు. గుండన్న ఈరక్కను చంటిపిల్లలా ఎత్తి ఇంకో గుర్రం మీద వేసుకున్నాడు. పూలసంత చీల్చుకుంటూ, నూనె కుండలు తన్నుకుంటూ, తిట్లూ రాళ్ళూ వీపు మీద కాచుకుంటూ దూసుకుపోయారు. పడమటి ద్వారం తలుపులు మూసుకుంటున్నాయి. యువరాజు గుర్రం మెడ మీద బోర్లా పడుకుని ఆ సందులోంచి జారాడు. గుండన్న దిగి, తలుపు రెక్కకు భుజం ఆనించి, నరాలు తాళ్ళలా పొంగేలా తోసి, ముసలిదాన్ని అవతలికి దాటించి, తానూ దూరాడు. వెనక తలుపు దబ్బున మూసుకుంది.

అప్పటికే దండనాయకుడి మనుషులు ఇసుకవాళ్ళ వాడకు నిప్పంటించారు. తుమ్మకంప చిటచిటలాడుతూ మండుతోంది. పిల్లల ఏడుపులు, మేకల అరుపులు, పొగ. రౌతు కాగడా ఊపుతూ తిప్పడి గుడిసె మీదికి పోతున్నాడు. జయంధరుడు జీనుమీది తాడు ఉచ్చు వేసి విసిరాడు. రౌతు కాగడాతో సహా నేల కరిచాడు. ఆ కాగడా దొర్లుకుంటూ పోయి గంపకే తగిలింది. అల్లిక అంటుకుంది.

"ఎత్తవ్వా!"

ఈరక్క వంగింది. "తప్పు కాయి సామీ, ఎవురివైతేనేమి," అని గొణిగి, మండే గంపను ఉత్త చేతులతో ఎత్తి పారేసింది.

గంప కింద ఇసుకలో ఒకే ఒక్క పాదం ముద్ర. చుట్టూ నేల మంటల వేడికి బూడిదలా పొడిగా ఉంది. అడుగు మాత్రం తడిగా ఉంది. ఇప్పుడే నీళ్ళలోంచి లేచిన కాలు మోపినట్టు, రోజుల నాటి ఆ ముద్రలో నీరు మెరుస్తోంది. అంచుల వెంట పచ్చటి నాచు మొలిచింది. చూస్తుండగానే ఆ నాచు ఊపిరి పీల్చినట్టు ఒకసారి పైకి లేచి, కిందికి అణిగింది.

గుండన్న వెనక్కి అడుగేశాడు. "ఇది మనిషి కాలు కాదు బాబూ."

"జోగి మాదిరొచ్చినాడు," ఈరక్క కాలిన చేతులు ఊదుకుంటూ చెప్పింది. "దప్పికన్నాడు. చెంబెడు నీళ్ళిచ్చినాం. తాగలే. తన కాళ్ళ మీదే పోసుకున్న్యాడు. అడగగూడదని అడగలే."

జయంధరుడు వంగి వాసన చూశాడు. బూజు, పాత రాయి, గబ్బిలాలు. ఆ వాసన ఆయనకు తెలుసు. కోట పునాదుల కింద ముట్టడి రోజుల కోసం పూర్వులు కట్టిన పాతాళతటాకం. చిన్నప్పుడు ఒకసారి దొంగతనంగా దిగి దెబ్బలు తిన్నాడు. దాని తాళాలు ఇప్పుడు దండనాయకుడి మొలలో ఉన్నాయి. అంటే దొంగ వంతెన దాటి రాలేదు. గోడ లోపలి నుంచే వచ్చాడు.

"అవ్వా, తిప్పణ్ణే ఎందుకు ఎంచుకున్నారో చెప్పగలవా?"

"వాడు గోడకానుకోని బాయి తవ్వుతా ఉంటే అడుగున రాయి పగిలి సల్లగాలి కొట్టింది నాయినా. దండనాయకుడే వచ్చి చూసి పూడ్చమన్న్యాడు. పూడ్చేలోపలే ఈ పీడ వచ్చి పడె."

ఆ బావి మంటలకు ఎడంగా గోడ కిందే ఉంది. గుండన్న తాడు నడుముకు చుట్టుకుని నేల మీద కాళ్ళు దిగేసి కూర్చున్నాడు. జయంధరుడు రౌతు కత్తి నోట కరిచి కిందికి జారాడు. సగం దిగాడో లేదో, పైన కోటద్వారం తెరుచుకున్న చప్పుడు, భటుల కేకలు, గుండన్న గర్జన. "రండ్రా! ఒక చెయ్యి తాడుకి, ఇంకో చెయ్యి మీకు!" కర్రలు విరిగిన చప్పుడు. తాడు ఊగింది, బిగిసింది, చటుక్కున తెగింది. యువరాజు చీకట్లోకి రాయిలా పడ్డాడు.

చల్లటి నీళ్ళు తలమీదుగా మూసుకున్నాయి. తేలి, కళ్ళు తుడుచుకుని చూశాడు.

అది అడుగున దాగిన మరో నగరం. ఏనుగుల వరసల్లా నల్లరాతి స్తంభాలు, ఒక్కొక్కదానికీ చుట్టుకున్న రాతి నాగులు, వాటి పడగల మీద నీలిమంట దీపాలు. ఆ నీలి వెలుగులో నీళ్ళు నెమలికంఠంలా మెరుస్తున్నాయి. స్తంభాల నడుమ, మెడ లోతు నీళ్ళలో, మనుషులు నిలబడి నిద్రపోతున్నారు. చాకలి ఉన్నాడు. ఒడిలో లేని బిడ్డను జోకొడుతున్నట్టు చేతులు మడిచి బాలింత ఉంది. వాళ్ళ రెప్పల మీద, పెదవుల మీద నాచు పేరుకుంది. ఎక్కడో ఒక వేలు నీళ్ళలో లేని వీణ తీగలు మీటుతోంది.

"గాజులు అమ్ముడుపోయాయా యువరాజా?"

తటాకం నడుమ రాతితామర మీద ఒకడు కూర్చున్నాడు. ఒంటి నుంచి ఎడతెగకుండా నీరు కారుతోంది, ఆ నీటికి అంతులేదు. మనుషుల ఊపిరి తాగి బతికే మాంత్రికుడు శైవాలకుడు వాడే.

"నన్నెరుగుదువా?" జయంధరుడు కత్తి ఎత్తాడు.

"ఊపిరి వాసనబట్టి ఎరుగుదును. నాకు ఊపిరి కావాలి, భైరవదత్తుడికి భయం కావాలి. ఒక్క మనిషి మాయమైతే ఇద్దరికీ పండగే. భయపడిన పురం వాడి చంకలో కోడిపిల్ల. నేరం మొయ్యడానికి బయటివాళ్ళు ఉండనే ఉన్నారు. వాళ్ళను తరిమేశాక ఇంకెవరి మీద పెడతారో అదొక్కటే నాకు దిగులు!" నవ్వితే నోట్లోంచి నీళ్ళు పొర్లాయి.

కత్తి వాడి గుండెలోంచి దూసుకుపోయింది. నీళ్ళను పొడిచినట్టే అయింది. వాడి చెయ్యి తాడులా సాగి యువరాజు మెడకు చుట్టుకుంది. కళ్ళు చీకట్లు కమ్ముతుండగా జయంధరుడు పక్కనున్న నాగపడగ మీది దీపాన్ని పెకలించి, మండే నూనెతో సహా ఆ ముఖాన కొట్టాడు. చమురు నిప్పు ఆ తడి ముఖం మీద పరుచుకుని మండింది. గుహంతా పగిలేలా కేక వేసి శైవాలకుడు నీళ్ళ అడుక్కి మునిగాడు. మెడ మీది పట్టు వదిలింది.

దగ్గరి స్తంభానికి ఆనుకుని వరాలు ఉంది. కొత్తగా తెచ్చినందువల్ల రెప్పల మీద నాచు ఇంకా పల్చగానే ఉంది. యువరాజు దాన్ని తుడిచి చెంపలు తట్టాడు. పిల్ల దగ్గింది, నీళ్ళు కక్కింది, కళ్ళు తెరిచింది. దాన్ని భుజాన వేసుకుని, దూరంగా ఎర్రటి వెలుగు కనిపిస్తున్న తూముకాలువ వైపు పడుతూ లేస్తూ పరిగెత్తాడు.

"నిన్ను ఇక్కడికి ఎవరు తెచ్చారు తల్లీ? ఇసుకవాళ్ళా?"

"కాదు," పిల్ల పళ్ళు టకటకలాడుతున్నాయి. "ఇసుకాయన, ఆ బావి తవ్వే ఆయన, బావి దగ్గరికి రావద్దు, వెనక్కి పొమ్మని అరిచాడు. ఇసుకోళ్ళు కనిపిస్తే పరిగెత్తమని అమ్మ చెప్పింది కదా. అందుకే పరిగెత్తా. అందె కూడా ఊడిపోయింది. దండనాయకుడు మామ గుర్రం మీద ఉన్నాడు. మనోడే కదా అని ఆయన దగ్గరికి పరిగెత్తా."

జయంధరుడి కాళ్ళు ఒక్కక్షణం ఆగిపోయాయి. వెనక నీళ్ళు గుడగుడలాడాయి. మళ్ళీ పరిగెత్తాడు.

తూము చివర ఇనుప ఊచలు. పిల్ల పట్టేంత సందుంది, ఆయన తల కూడా పట్టదు. ఊచల అవతల కాలనాగలోయ, పక్కనే పైకి చెక్కిన మెట్లు, మెట్ల మీద వంతెన మొదలు. గడువు పొద్దు పడమటి అంచున ఎర్రగా వేలాడుతోంది. లోయకు అవతల ఎర్రగాలి ఆకాశమంత గోడలా నిలబడి కదిలి వస్తోంది. దాని మూలుగు వెయ్యి పశువుల్ని ఒకేసారి కోస్తున్నట్టుంది. బల్లేలతో పొడుస్తూ భటులు ఇసుకవాళ్ళను వంతెన మీదికి తోస్తున్నారు. సంకెళ్ళతో తిప్పణ్ణి గుర్రం వెనక కట్టారు. గుర్రం మీద భైరవదత్తుడు. వెనక చేతుల్లో రాళ్ళతో పురజనం, అందరికన్నా ముందు చెంగమ్మ.

"అమ్మా!" పిల్ల అరిచింది. భటుల డప్పుల మోతలో అది గాలిబుడగలా పగిలిపోయింది.

కాలువలో నీరు మోకాలు దాటి నడుముకు పొంగింది. ఆ నీటిలో వెచ్చదనం ఉంది. కాలిన ముఖం వెతుక్కుంటూ వస్తోంది.

"ఊచల్లోంచి దూరి మెట్లెక్కు తల్లీ. అదుగో, కాలిన చేతుల ముసలమ్మ. తిన్నగా ఆవిడ దగ్గరికి పరిగెత్తు."

"ఇసుకముసలి!" వరాలు ఆయన మెడ వదల్లేదు. "అమ్మ కొడుతుంది. నాకు భయం."

"ఆ భయమే నిన్నిక్కడికి తెచ్చింది. పరిగెత్తు!"

పిల్ల ఊచల సందులోంచి జారింది. తడి బట్టలతో మెట్లెక్కింది. వంతెన మొదట్లో అటు గుర్రం, ఇటు ముసలిది. భైరవదత్తుడు పిల్లను చూశాడు. ముఖంలోకి తేనె తెచ్చుకుని చెయ్యి చాచాడు. "వరాలూ! రామ్మా, బంగారు తల్లీ!" ఆ గొంతు వినగానే పిల్ల ఒళ్ళంతా జలదరించి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఈరక్క ఒళ్ళోకి దూకింది. ముసలిది బొబ్బలెక్కిన చేతులతో దాన్ని ఎదకు హత్తుకుంది.

దండనాయకుడు జీను మీద నిలబడ్డాడు.

"చూశారా పురజనులారా! పిల్ల వాళ్ళ దగ్గరే ఉంది! ఇంకేం రుజువు కావాలి?"

"కాదు!" జయంధరుడు ఊచలు పట్టి గింజుకుంటూ అరవబోయాడు. వెనక నుంచి నాచు పట్టిన తడి చెయ్యి ఆయన నోరు మూసింది. నీరు గడ్డం దాకా వచ్చింది. ఆ నీటి అంచు మీదుగా ఆయనకు వంతెన ఒక్కటే కనిపిస్తోంది. ఈరక్క పిల్లను కొంగుతో కప్పి వెన్ను జనం వైపు తిప్పింది. కొంగులోంచి తల బయటపెట్టి వరాలు ఏదో చెబుతోంది, ముసలిదాని మెడను రెండు చేతులా పట్టుకుని, తల్లి వైపు చూస్తూ ఏడుస్తూ చెబుతోంది.

చెంగమ్మ ఎత్తిన చెయ్యి రాయితో సహా గాలిలోనే ఆగింది.

ఆమె వెనకున్న చేతులు ఆగలేదు.